త్ర్యంబక్ కాకా దాచిన సిరి

భావ్‌నగర్‌లో మా డేలీకి వీధి వైపు ఒకటే పెద్ద తలుపు. లోపల నాలుగిళ్ళు, మధ్యన బండలు పరిచిన వాకిలి. నేను కోడలిగా వచ్చేనాటికే ఎదురింట్లో త్ర్యంబక్‌లాల్ పారేఖ్, ఆయన భార్య ముక్తాగౌరి ఉండేవారు. డేలీ మొత్తానికి ఆయన బాబాయి వరసలో త్ర్యంబక్ కాకా, ఆవిడ అమ్మ వరసలో ముక్తాబా. పిల్లల్లేరు. కాకా రేవు దగ్గర ఒక ఉప్పు వ్యాపారి కొట్లో గుమస్తా. పొద్దున సైకిలు మీద వెళ్ళి, చీకటి పడకముందే సైకిలు మీద వచ్చేవాడు. చొక్కా కాలరు అరిగిపోతే ముక్తాబా దాన్ని విప్పి, తిరగేసి కుట్టేది. రెండో వైపు కూడా అరిగాక ఆ చొక్కా ఇల్లు తుడిచే గుడ్డయ్యేది.

"పెళ్ళినాడు చిన్న గుమస్తా, ఇప్పుడు ముసలి గుమస్తా. మధ్యలో ఇంకే ఎదుగుదలా లేదు," అని మా మామగారు ఆయన్ని ఎదుటే వేళాకోళం చేసేవారు. కాకా నవ్వి, "ఉప్పు కొట్లో ఉన్నవాడికి ఇంతకంటే రుచేం కావాలి మాస్టారూ," అనేవాడు.

నిజానికి మా డేలీనీ, ఆ వీధిలో ఇంకో నాలుగు డేలీలనీ కలిపి కొనగలిగిన మనిషి ఆయన. ఈ సంగతి మాకెవరికీ తెలియదు. కట్టుకున్న భార్యకూ తెలియదు. ఆ చివరి ముక్క దగ్గరే నా మనసు ఇప్పటికీ కలుక్కుమంటుంది.

ఆయన అలా ఎందుకయ్యాడో చాలా ఏళ్ళ తరవాత ఆయనే చెప్పాడు. వాళ్ళ నాన్న పత్తి ధరల మీద సట్టా జూదం ఆడేవాడట. ధర పెరిగిన రోజు సాయంత్రం అరుగు మీద కూర్చుని, ఇవాళ ఇంత వచ్చిందని వీధికంతా వినపడేలా చెప్పుకునేవాడు. చుట్టాలు బెల్లం చుట్టూ ఈగల్లా మూగేవారు. ఒక ఏడాది ధర తలకిందులైంది. అప్పులవాళ్ళు వచ్చి వాళ్ళమ్మ ఇత్తడి బిందెలు వీధిలో పెట్టించారు. నిన్నటిదాకా వాళ్ళింట్లో భోంచేసినవాళ్ళే చుట్టూ నిలబడి చోద్యం చూశారు. బడి నుంచి వస్తున్న త్ర్యంబక్ ఆ గుంపులోంచి దారి చేసుకుని ఇంట్లోకి వెళ్ళాల్సి వచ్చింది. "పోగొట్టుకున్న డబ్బు కంటే చెప్పుకున్న డబ్బే మా నాన్నను ముంచింది," అన్నాడు కాకా. ఆ రోజునుంచి డబ్బు గురించి నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు ఎక్కడ ఆపాలో మాత్రం తెలుసుకోలేదు.

సట్టా జోలికి పోలేదు కానీ, జీతంలో మిగిలిన కాస్తతో షేర్లు కొనడం మొదలుపెట్టాడు. ఆయన పద్ధతి ఆయనదే. ఏదైనా కంపెనీ మీద మనసు పడితే పుస్తకాలూ లెక్కలూ చూడడంతో సరిపెట్టుకునేవాడు కాదు. సెలవు రోజున ఇంట్లో ఏదో గుడి పేరు చెప్పి, రాజ్‌కోట్‌కో జామ్‌నగర్‌కో బస్సెక్కేవాడు. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా టీ బడ్డీలో కూర్చుని, షిఫ్టు దిగి బయటికొచ్చే పనివాళ్ళను చూసేవాడు. వాళ్ళ కాళ్ళకు మంచి చెప్పులున్నాయా, ఒకరితో ఒకరు నవ్వుతూ వస్తున్నారా, తలలు వేలాడేసుకుని వస్తున్నారా అని. నచ్చితే కొనేవాడు. కొన్నది అమ్మేవాడు కాదు. బజారులో షేర్ల దళారీ వజూభాయ్ ఒక్కడికే ఈ గుట్టు తెలుసు. నోరు జారితే ఇంకొకరి దగ్గరికి వెళ్ళిపోతానని కాకా అతన్ని కట్టడి చేశాడు.

వజూభాయ్ మహా వాగుడుకాయ. ఇంత రహస్యం కడుపులో పెట్టుకుని ఎలా ఉన్నాడో తెలియదు. ఒకసారి ఉండబట్టలేక, "కాకా, నువ్వు షేర్లు కొంటున్నావా, పెళ్ళాడుతున్నావా? ఒక్కదాన్నీ వదలవు," అన్నాడట.

"వదిలేసేదాన్ని తెచ్చుకోవడం దేనికిరా," అన్నాడట కాకా.

అలా ఏళ్ళ మీద ఏళ్ళు గడిచాయి. ఆ కంపెనీలు పెరిగాయి, పిల్లలు పెట్టాయి, ఆ పిల్లలూ పెరిగాయి. ఆయన మాత్రం ఆ సైకిలు దిగలేదు.

వచ్చినదాన్ని పోగేసి పెట్టుకునే రకం కూడా కాదాయన. ఉప్పుమడుల్లో పనిచేసే అగరియా కుటుంబాల పిల్లలకు హాస్టలు కట్టించాడు. మొగుడు పోయిన ఆడవాళ్ళకు కుట్టుమిషన్లు, వడ్రంగులకు పనిముట్లు, చదువుకునేవాళ్ళకు ఫీజులు. అన్నీ ఇంకొకరి చేతుల మీదుగా వెళ్ళేవి. ఎవరిచ్చారని అడిగితే దేవుడి డబ్బు అని చెప్పమనేవాడు. గుప్తదానమే దానమని, చెప్పుకున్నరోజు దాని ఫలం పోతుందని ఆయన నమ్మకం. ఉప్పుమడుల మీద ఎండ పడి ఆ తెల్లదనం కళ్ళలో గుచ్చుకుంటుంది. అక్కడ పనిచేసేవాళ్ళకు నడివయసు రాకముందే చూపు మసకబారుతుంది. అది చూసి, ఊరి చివర ఉన్న కంటి ఆసుపత్రికి పెద్ద భవనం కట్టించాడు. అక్కడ పేదలకు వైద్యం ఉచితం. ఆ భవనం మీద ఎవరి పేరూ లేదు. ఆసుపత్రి వ్యవహారాలు చూసే హరగోవింద్‌భాయ్‌కి తప్ప ఎవరికీ అది ఎవరి సొమ్మో తెలియదు.

ఇక్కడ మా ఎదురింట్లో ముక్తాబా పాపడ్‌లు ఒత్తేది.

గుమస్తా జీతానికి తోడుగా ఉంటుందని ఆవిడే మొదలుపెట్టింది. పొద్దున్నే వంట కానిచ్చి, వాకిట్లో చెక్కపీట ముందు కూర్చునేది. మధ్యాహ్నం ఎండబెట్టేది. ఖాఖ్రాలనే కరకరలాడే పల్చటి రొట్టెలు కూడా కాల్చి దుకాణాలకు వేసేది. కాకా వద్దనలేదు. పిల్లల్లేని ఇల్లు కదా, పొద్దుపోతుందిలే అనుకున్నాడట. పొదుపు చెడ్డ అలవాటు కాదనీ అనుకున్నాడట. ఆవిడ ఆ డబ్బుతో ఆయనకు స్వెట్టరు కొంది, సైకిలుకు కొత్త సీటు వేయించింది. ఒకసారి వానాకాలానికి ముందు గొడుగు కొని తెచ్చి, "తడిస్తే మీకు దగ్గు. దగ్గొస్తే సెలవు. సెలవు పెడితే జీతం కోత," అని చేతిలో పెట్టింది. కాకా అది తీసుకుని, బాగుందన్నాడు.

ఆవిడకు తలనొప్పి వస్తుండేది. నుదుటికి గుడ్డ బిగించుకుని, శొంఠి రాసుకుని పని చేసుకునేది. దీపం చుట్టూ రంగుల చక్రాలు కనిపిస్తున్నాయని ఒకసారి నాతో నవ్వుతూ అంది. "ఈ వయసులో నాకు ఇంద్రధనుస్సులు దక్షా." నేనూ నవ్వాను. మాకేం తెలుసు.

తరవాత తరవాత గమనించాను. పక్కనుంచి వెళ్ళి నిలబడితే ఆవిడకు తెలిసేది కాదు. పిలిస్తే ఉలిక్కిపడేది. ఒక రోజు నాకు టీ పోస్తూ సాసరు పక్కన నేల మీద పోసింది. పోస్తూనే ఉంది. నేను చెయ్యి పట్టుకున్నాను. కంటి ఆసుపత్రికి పోదామంటే వద్దంది. ఖర్చు. అక్కడ పైసా తీసుకోరని చెబితే, అయితే మీ కాకాకు చెప్పొద్దు, ఊరికే దిగులు పడతారంది.

మేమిద్దరం వెళ్ళి వరసలో నిలబడ్డాం. ముందంతా ఉప్పుమడుల మనుషులే. చూసిన డాక్టరమ్మ చిన్న వయసుది, పారుల్ అని పేరు. చాలాసేపు పరీక్ష చేసి, తలనొప్పి ఎన్నాళ్ళనుంచి అని అడిగింది. అవి నీటికాసులట, కంట్లో ఒత్తిడి పెరిగి చూపును అంచులనుంచి తినేస్తాయట. కుడికన్ను పూర్తిగా పోయింది, ఎడమకంటికి నడిమి భాగం మాత్రం మిగిలింది. పోయిన చూపు ఇక రాదు, మిగిలినదాన్ని నిలబెట్టుకోవాలి.

"ఇంతకాలం ఎందుకు ఊరుకున్నారమ్మా?" అంది డాక్టరు. ఆ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ.

"డబ్బున్న ఇల్లు కాదమ్మా మాది," అంది ముక్తాబా.

పేరూ చిరునామా రాయించుకోవడానికి మమ్మల్ని పక్క గదిలోకి పంపారు. బల్ల దగ్గరున్నది హరగోవింద్‌భాయే. భర్త పేరు అడిగాడు. చెప్పగానే కుర్చీలోంచి లేచి నిలబడి చేతులు జోడించాడు. "త్ర్యంబక్‌లాల్ గారి ఇంటావిడా? మీరు వరసలో నిలబడ్డారా తల్లీ? ఈ భవనం కట్టించింది ఆయనే కదమ్మా." అన్న తరవాత గానీ ఏమన్నాడో అతనికి తెలిసిరాలేదు. ముఖం పాలిపోయింది.

రిక్షా ఎక్కాక, సగం దూరం వచ్చాక ముక్తాబా అడిగింది. "దక్షా, ఆ ఆసుపత్రి ఎంత పెద్దది? నాకు ఎదురుగా ఉన్న ముక్కే కనిపించింది." నేను చెప్పాను. మేడ, పొడుగు వరండా, వెనకాల వేపచెట్లు. ఆవిడ వింటూ కూర్చుంది.

కాకా వచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. ముక్తాబా ఉయ్యాలబల్ల మీద కూర్చుని ఉంది, కానీ ఊగడం లేదు. నేను లోపల పొయ్యి మీద ఖిచిడీ కలుపుతున్నాను.

"ఇవాళ ఆసుపత్రికి వెళ్ళాను," అందావిడ.

"ఏ ఆసుపత్రికి?"

"మీ ఆసుపత్రికే."

చెప్పులు విప్పుతున్న మనిషి ఆగిపోయాడు. "ఎవరు చెప్పారు నీకు?"

"చూశారా," అంది ముక్తాబా. "ఎందుకు వెళ్ళావు, నీకేమైంది అని అడగలేదు. ఎవరు చెప్పారని అడిగారు."

ఆయన గడప మీదే కూర్చుండిపోయాడు. డాక్టరు చెప్పిందంతా ఆవిడ చెప్పింది, ఇంకెవరి కళ్ళ గురించో చెబుతున్నట్టు. తలనొప్పి అన్నావే గానీ ఇంత ఉందని నాకెందుకు చెప్పలేదు ముక్తా అని ఆయన అడిగాడు.

"ఎలా చెప్పను? తిరగేసిన కాలరుతో తిరిగే మొగుడిని నా కంటికి డబ్బు పెట్టమని అడగనా? పాపడ్ డబ్బులు కూడేసి చూపించుకుందామనుకున్నా. గొడుగుకు పోయాయి."

కాకా గుప్తదానం గురించి ఏదో మొదలుపెట్టాడు. చెబితే ఫలం పోతుందని, వాళ్ళ నాన్న చెప్పుకునే మునిగాడని. ఆవిడ మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక అంది:

"మొగుడి పుణ్యంలో పెళ్ళానికి సగం అంటారు, అది నాకొద్దు. పట్టుచీరలూ నగలూ నాకొద్దు. వీధిలో ఎవరైనా వచ్చి చెయ్యి చాపితే, మా దగ్గరే లేదు నాయనా అని ఎంతమందిని పంపించేశానో. పంపించి లోపలికొచ్చి ఏడ్చిన రోజులున్నాయి. ఉండి కూడా నా నోట లేదనిపించారు. అదొక్కటీ ఎందుకు చేశారు?"

ఆ పూట ఖిచిడీ అలాగే చల్లారిపోయింది.

మర్నాడే బొంబాయి తీసుకెళ్ళాడు. అక్కణ్ణుంచి మద్రాసు. ఎవరు ఏ పెద్ద డాక్టరు పేరు చెబితే అక్కడికల్లా. ఆపరేషన్ చేసి ఉన్న చూపును కొన్నేళ్ళు నిలబెట్టారు. అంతే చేయగలిగారు. ఎంత ధర పడిపోయినా ఓపిక పడితే మళ్ళీ లేస్తుందని జీవితమంతా నమ్మిన మనిషికి, ఓపిక పట్టినా లేవనిది ఇంట్లోనే ఎదురైంది.

ఉప్పు కొట్లో పని మానేశాడు. మొదటిసారి షేర్లు అమ్మడానికి వచ్చిన రోజు వజూభాయ్ అలవాటు కొద్దీ, "ఏం కాకా, ఇన్నాళ్ళకు విడాకులా?" అన్నాడట. కాకా ముఖం చూసి, ఆ మాట అన్నందుకు చెంపలేసుకున్నానని తరవాత మాకు చెప్పాడు. తోటలో ఒక మంచి ఇల్లు చూసి, అక్కడికి పోదామని కాకా అంటే ముక్తాబా ఒప్పుకోలేదు. "ఇక్కడ గడపలు నా కాళ్ళకు తెలుసు. అక్కడ మళ్ళీ నేర్చుకునే ఓపిక నాకు లేదు." చీరలు తెచ్చాడు. చేత్తో నిమిరి, రంగేమిటని నన్నడిగి, రెండు నాళ్ళుంచుకుని, పెళ్ళీడుకొచ్చిన పిల్లలకు ఇచ్చేసింది. ఆయన మీద కోపంతో కాదు. వాటి సమయం దాటిపోయింది, అంతే.

ఆవిడ కోరింది ఒక్కటే. ఇకనుంచి ఏది ఇచ్చినా తన చేత్తో ఇవ్వాలి. అలా మా డేలీ తలుపు రోజూ తెరిచే ఉండేది. ఉయ్యాలబల్ల మీద ఆవిడ, పక్కన నేల మీద కాకా. వచ్చినవాళ్ళ గొంతు విని ఎవరిది అవసరమో, ఎవరిది ఆశో ఆవిడ ఇట్టే పసిగట్టేది. ఒకసారి ఒకాయన కూతురి పెళ్ళని ఏడుస్తూ చెబితే, "ఏడుపు బాగుంది భాయ్, మధ్యలో వక్క నములుతున్నావు, అది వినబడుతోంది," అంది. అందరం నవ్వాం. కాకా కూడా నవ్వాడు. ఆ నవ్వు చివర్లో మాత్రం ఆయన ఆవిడ ముఖం వంక చూసిన చూపు నాకు గుర్తుంది. ఇంత పనికొచ్చే మనిషిని ఇన్నేళ్ళూ పాపడ్ పీట ముందు కూర్చోబెట్టాననుకున్నాడో ఏమో.

గుట్టు రట్టయ్యాక ఊరు ఊరుకుంటుందా. కొందరు దండాలు పెట్టారు. ఎక్కువమంది, దీపం కింద చీకటి అన్నారు. ఊరందరికీ కంటిచూపు ఇచ్చి పెళ్ళాన్ని గుడ్డిదాన్ని చేశాడన్నారు. ఒకడు బజారులో ఎదురుగానే అన్నాడట. కాకా సైకిలు ఆపి, "నిజమే కదా," అని వెళ్ళిపోయాడట.

ఆసుపత్రిలో ఉచిత శిబిరం పెట్టిన రోజుల్లో ఆయన పొద్దున్నే వెళ్ళి గేటు దగ్గర నిలబడేవాడు. వచ్చేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. ఒక్కొక్కరిని ఆపి, మీ ఆవిడేది అని అడిగేవాడు. దానికేం కాలేదు కాకా, బాగానే ఉందనేవారు. "బాగానే ఉందని నీకు చెప్పింది. నాకూ అలాగే చెప్పింది. పోయి తీసుకురా." కొందరు తిట్టుకుంటూ వెనక్కి వెళ్ళేవారు. దూరం వాళ్ళకు బండి ఏర్పాటు చేసేవాడు. ముసలాడికి పిచ్చి అని వెనకాల అనుకునేవారు. అయినా ఆడవాళ్ళ వరస ఏటికేడు పొడుగైంది.

ముక్తాబా ఎడమకన్ను కూడా మెల్లగా మూసుకుపోయింది. ఆఖర్లో కిటికీ వెలుతురు మాత్రం తెలిసేది. తరవాత అదీ లేదు. కాకా రొట్లా చేయడం నేర్చుకున్నాడు. ఒకవైపు మాడేది, ఇంకోవైపు పచ్చి. ఆవిడ తింటూ, "సట్టా ఆడినట్టుంది మీ రొట్టె, ఏ ముక్కకు ఏమొస్తుందో తెలియదు," అనేది. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం నేను విన్నదంతా ఆ చివరి ఏళ్ళలోనే. అంతకుముందు ఆ ఇంట్లోంచి గిన్నెల చప్పుడే వినిపించేది.

ఒక శ్రావణంలో, స్నానం చేసి వచ్చి, తడి తువ్వాలు భుజం మీద ఉండగానే కాకా కూలిపోయాడు. గుండె. డాక్టరు వచ్చేలోపే అయిపోయింది.

పరామర్శకు కూర్చునే సాయంత్రం మా డేలీలో చోటు చాలక జనం వీధిలో కూర్చున్నారు. తెల్లచీరలో ముక్తాబా ఉయ్యాలబల్ల పక్కన చాప మీద. ఒక్కొక్కరూ వచ్చి చెయ్యి పట్టుకుని ఏదో చెబుతున్నారు. నన్ను చదివించాడని ఒకరు, మా అమ్మకు మిషను ఇచ్చాడని ఒకరు. సగం సంగతులు ఆవిడకు కొత్త. ఇవన్నీ నాకు చెప్పనే లేదే అని ప్రతిదానికీ మెల్లగా అనుకుంటోంది.

నాగల్‌బెన్ అని ఒక ఉప్పుమడుల ఆవిడ వచ్చింది. వాళ్ళాయన్ను కాకా గేటు దగ్గర ఆపి వెనక్కి పంపితే, అతను తిట్టుకుంటూ వచ్చి తనను తీసుకెళ్ళాడట. చూస్తే నీటికాసులు. మొదట్లోనే దొరికాయి.

"ఇప్పుడు కనిపిస్తోందా నీకు?" అంది ముక్తాబా.

"కనిపిస్తోంది బా."

"పక్కలకు కూడా?"

"పక్కలకు కూడా. మేకపిల్ల అటు పోతే తెలుస్తుంది."

"ఈ మాట ఆయనతో ఎప్పుడైనా చెప్పావా?"

నాగల్‌బెన్ తల వంచుకుంది. రావాలనుకుంటూనే ఉన్నానని, పని తెమలలేదని, ఇంత పెద్దాయన ఇంటికి ఎలా రావాలో తెలియలేదని చెప్పింది. ముక్తాబా ఆమె చెయ్యి రెండు చేతుల్లో పట్టుకుంది. అప్పటిదాకా చుక్క నీరు రాని ఆ కళ్ళలోంచి అప్పుడు నీళ్ళు కారాయి. "ఒక్కసారి చెప్పి ఉండాల్సింది తల్లీ," అంది. "దానికోసమే నిలబడేవాడు అక్కడ."

ఆయన తరవాత ముక్తాబా ఆరేడేళ్ళు ఉంది. ఉన్నదంతా ఆలోచించి, తెలిసి, పేరు పెట్టి మరీ ఇచ్చేసింది. ఎవరిచ్చారని అడిగితే మేమిద్దరం అని చెప్పమనేది. కొత్త కోడళ్ళు దండం పెట్టడానికి వస్తే దీవించి, నీ మొగుడికి జీతమెంతో అడిగావా అనేది. వాళ్ళు సిగ్గుపడితే, "సిగ్గు తరవాత పడు, ముందు అడుగు," అనేది.

కాకా మంచివాడేనా అని ఒకసారి నేనే అడిగాను. అడగకూడదేమో. ఎండ కాచుకుంటూ కూర్చుని ఉంది. "మంచివాడే దక్షా," అంది. "నాకొక్క మాట చెప్పి ఉంటే ఇద్దరం మంచివాళ్ళమయ్యేవాళ్ళం." ఆ పైన, పప్పు ఎండలో వేశావా, వాన వాసన వస్తోంది, తీసెయ్యమంది.